వెయ్యి మంది చదివితే నలభై రూపాయలా? సొంత వెబ్‌సైట్‌లో ప్రకటనల డబ్బు వెనక లెక్క

2025 అక్టోబరు 14న విశాఖలో గూగుల్ ఏఐ హబ్, అంటే ఒక భారీ డేటా సెంటర్, వస్తోందని, దానిమీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతారని ప్రకటన వచ్చింది. ఆ వారంలోనే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. సిటీ బస్సుల రూట్ల మీద చిన్న సైట్ ఒకటి నడుపుతున్నాడు.

"అన్నయ్యా, గూగుల్ మనూరే వచ్చేస్తోంది కదా, ఇక మన సైట్లకి యాడ్స్ రేటు పెరుగుతాదేటి?"

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. విశాఖ చుట్టుపక్కల ప్రయాణాల గురించి తెలుగులో ఒక సైట్ పెట్టుకున్న నాకే, అందులో వచ్చే డబ్బు ఎవరు ఇస్తున్నారో, ఎందుకు ఒక నెల పెరిగి ఇంకో నెల తగ్గుతోందో అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

అమ్ముడయ్యేది జాగా కాదు

జగదాంబ జంక్షన్‌లో హోర్డింగ్ పెట్టినవాడు నెలకు ఇంత అని అద్దె కడతాడు. ముసురు పట్టి రోడ్డు మీద మనిషి కనిపించకపోయినా అద్దె అద్దే. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే అమెరికా వెబ్ పత్రికలో ఏటీ అండ్ టీ కంపెనీ పెట్టిన తొలినాటి బ్యానర్ కూడా ఇలా ముందే మాట్లాడుకున్న బేరం మీద పెట్టిందే.

ఇప్పుడు మీ సైట్‌లో అమ్ముడవుతున్నది జాగా కాదు, ఒక మనిషి ఆ పేజీ తెరిచిన ఆ ఒక్క క్షణం. గాజువాకలో ఒకరు, న్యూజెర్సీలో ఒకరు ఒకే నిమిషంలో మీ వ్యాసం తెరిచారనుకోండి. అదే పేజీలో, అదే చోట, ఇద్దరికీ వేరువేరు ప్రకటనలు కనిపిస్తాయి. వేరువేరు ధరలకు.

ఇందులో రెండు పాత్రలున్నాయి. సైట్ ఉన్నవాడు పబ్లిషర్, ప్రకటన ఇచ్చేవాడు అడ్వర్టైజర్. నెలకు పది పదిహేను వేల మంది వచ్చే సైట్ దగ్గరికి ఏ పెద్ద కంపెనీ మనిషీ బేరానికి రాడు. అందుకే మధ్యలో దళారి కావాలి. చిన్న సైట్లలో ఎక్కువమందికి తెలిసిన దళారి 2003లో మొదలైన గూగుల్ యాడ్‌సెన్స్. మీ పేజీలో వాళ్లిచ్చిన చిన్న కోడ్ పెడితే చాలు, మిగతా బేరమంతా వాళ్లదే. ఆ బేరం ఎలా జరుగుతుందన్నదే అసలు కథ.

హార్బర్‌లో పాట

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు ఒకసారి వెళ్లి రండి. బోటు ఒడ్డుకు తగలగానే సరుకు గట్టు మీద కుప్పలుగా పోస్తారు. నేలంతా తడి, చెప్పుల కింద ఐసు ముక్కలు. వేలం పాట పాడేవాడు ఒక కుప్ప పక్కన నిలబడి ధర అందుకుంటాడు. చుట్టూ ఏజెంట్లు, తట్టలు పట్టుకున్న ఆడవాళ్లు. ఒకరు తల ఊపుతారు, ఒకరు వేలు చూపిస్తారు, కాసేపట్లోనే పాట తెగిపోతుంది, అందరూ పక్క కుప్ప దగ్గరికి జరుగుతారు. వంజరం కుప్పకు ఒక ధర, కవళ్ల కుప్పకు ఇంకో ధర. వేట ఒకటే, డీజిల్ ఒకటే, కష్టం ఒకటే. ధర మాత్రం కష్టాన్ని బట్టి కాదు, ఆ పూట కొనేవాళ్లకు ఏది కావాలో దాన్నిబట్టి.

మీ పేజీ తెరుచుకునే లోపల జరిగేది సరిగ్గా ఇదే. పాఠకుడు ఏ ఊళ్లో ఉన్నాడు, ఫోనా కంప్యూటరా, పేజీ దేని గురించి, ఇంతకుముందు ఏం వెతికాడు అన్న వివరాలతో ఒక కుప్ప గట్టు మీద పడుతుంది. ఏ రకం పాఠకుడికి ఎంతవరకు పాడాలో అడ్వర్టైజర్లు ముందే చెప్పి ఉంచుతారు. వాళ్ల తరఫున యంత్రాలు పాట పాడతాయి. సెకనులో పదో వంతు అటూఇటూ, అంతే, పాట ముగిసి గెలిచిన ప్రకటన తెర మీదికి వచ్చేస్తుంది. ఒకప్పుడు గెలిచినవాడు తన కిందివాడి పాటకు దగ్గరగా ఉన్న ధర కట్టేవాడు. 2021 చివర్లో యాడ్‌సెన్స్ కూడా ఎవరు ఎంతకు పాడితే అంతే కట్టే పద్ధతికి మారింది.

ఒక్క తేడా ఉంది. చేపకు ఐసు వేసి సాయంత్రం దాకా ఆపొచ్చు. పేజీ తెరిచిన క్షణానికి ఐసు లేదు. ఆ క్షణానికి పాట పాడేవాడు లేకపోతే అది ఖాళీగా పోయినట్టే.

మూడు పొట్టిపేర్లు, ఒక పెద్ద గందరగోళం

సీపీసీ అంటే ఒక క్లిక్కుకు ఇచ్చే డబ్బు. సీపీఎం అంటే ప్రకటన వెయ్యిసార్లు కనబడితే అడ్వర్టైజర్ కట్టేది. ఆర్‌పీఎం అంటే మీ పేజీ వెయ్యిసార్లు తెరుచుకుంటే మీ చేతికి వచ్చేది. చివరి రెండింటినీ ఒకటే అనుకుని బోర్లా పడేవాళ్లే ఎక్కువ, నాతో సహా.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీ పేజీలో మూడు ప్రకటనల జాగాలున్నాయి. పేజీ వెయ్యిసార్లు తెరుచుకుంటే 3,000 జాగాలు. అందులో ఐదింట నాలుగు వంతులకే పాట పాడేవాళ్లు దొరికారు, అంటే 2,400. అడ్వర్టైజర్ వెయ్యికి రూ. 25 చొప్పున కడుతున్నాడు. మొత్తం రూ. 60. మీ వాటా 68 శాతం అనుకుంటే రూ. 40.80. అడ్వర్టైజర్ వైపు సీపీఎం 25, మీ వైపు ఆర్‌పీఎం 41. ఒకటి ప్రకటనల లెక్క, ఇంకోటి పేజీల లెక్క. అందుకే ఒకరు పాతిక అని, ఇంకొకరు నలభై అని చెప్పినా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఇంకో చిక్కుముడి క్లిక్కులది. ఎవరూ క్లిక్ చేయకపోతే పైసా రాదని ఇప్పటికీ చాలామంది నమ్మకం. యాడ్‌సెన్స్‌లో 2024 మొదట్లోనే క్లిక్కు లెక్క పోయి, కనబడిన లెక్కన చెల్లించే పద్ధతి వచ్చింది. అయితే పేజీ అడుగున ఎక్కడో లోడ్ అయిన ప్రకటన పాఠకుడి కంట పడినట్టు కాదు. పరిశ్రమలో వాడే కొలత ప్రకారం బ్యానర్‌లో కనీసం సగం, కనీసం ఒక సెకను పాటు తెర మీద ఉంటేనే దాన్ని చూడదగ్గ ప్రకటనగా లెక్కేస్తారు. అయినా అడ్వర్టైజర్ మనసులో ఉండేది చివరికి అమ్మకమే కాబట్టి, ఎవరూ ముట్టని ప్రకటనల జాగాకు పాట తగ్గుతూ వస్తుంది. క్లిక్కు ముందు గుమ్మంలోంచి పోయి పెరటి గుమ్మంలోంచి వచ్చిందన్నమాట.

అందుకని ఫ్యామిలీ గ్రూప్‌లో లింకు పెట్టి "అందరూ ఒక్కో క్లిక్ కొట్టండి" అనడం కొంప ముంచే పని. దొంగ క్లిక్కుల్ని, దొంగ వ్యూలని వాళ్ల యంత్రాలు పట్టుకుంటాయి. డబ్బు కోసేస్తారు, లేదా ఖాతాయే మూసేస్తారు. అత్తయ్యకు ఆ సంగతి తెలీదు, పాపం సాయమే చేస్తున్నాననుకుంటుంది.

వందలో మనకెంత

68 అన్న అంకె ఎక్కడిదో చెప్పాలి. అడ్వర్టైజర్ వంద రూపాయలు పెట్టాడనుకోండి. అతను గూగుల్ యాడ్స్ ద్వారా కొంటే, ఆ కొనుగోలు విభాగం సగటున 15 శాతం ఉంచుకుంటుంది. మిగిలిన 85లో 80 శాతం పబ్లిషర్‌ది. 85లో 80 శాతమంటే 68. ఇదివరకు పబ్లిషర్‌కు నేరుగా 68 శాతం అని ఇచ్చేవాళ్లు, అదే ఇప్పుడు రెండు మెట్లుగా విడిపోయింది. వేరే కంపెనీ కొనుగోలు వేదిక నుంచి పాట పాడితే మొదటి మెట్టు దగ్గర కోత వేరుగా ఉంటుంది, మనకు కనబడదు కూడా.

అదే అరకు, మూడు ధరలు

అరకు రైలు ప్రయాణం మీద నేను రాసిన వ్యాసం ఒకటుంది. దాన్ని గాజువాకలో ఒకరు తెలుగులో చదివితే ఒక ధర. ఆయనే ఆఫీసులో కూర్చుని ఇంగ్లీషులో అరకు రిసార్టుల గురించి చదివితే ఇంకో ధర. సంక్రాంతికి వద్దామనుకుంటున్న వాళ్లమ్మాయి న్యూజెర్సీలో కూర్చుని చదివితే మరో ధర, ఆ మూడింటిలో అదే ఎక్కువ ఉండే అవకాశం. పాటలో పాల్గొనే అడ్వర్టైజర్లు అమెరికాలో ఎక్కువ, వాళ్లు అమ్ముకునే ఇన్సూరెన్సు మీద వచ్చే లాభమూ ఎక్కువ. సైట్ సర్వర్ ఎక్కడుందన్నది ఈ లెక్కలోకే రాదు. పాఠకుడు ఎక్కడున్నాడన్నదే లెక్క.

విషయం సంగతీ అంతే. ఇంటి రుణం గురించి చదివేవాడు రేపోమాపో ఏదో ఒక బ్యాంకు గడప తొక్కుతాడు. ఒక్క రుణం కుదిరితే బ్యాంకుకు ఏళ్ల తరబడి వడ్డీ. కాబట్టి అతని కోసం గట్టిగా పాడతారు. ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల గురించి చదివేవాడికి ఏం అమ్మాలో ఎవరికీ తోచదు. రెండో వ్యాసం రాయడానికి మీరు ఊరూరా తిరిగి నెల రోజులు కష్టపడి ఉండొచ్చు. పాట దగ్గర దానికి విలువ లేదు. నాకు ఇందులో బాధ కలిగించే సంగతి ఇదొక్కటే.

భాష దగ్గరికి వస్తే, తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ తలుపులు తెరుచుకున్నదే 2018లో. హిందీకి 2014లోనే దొరికిన అవకాశం అది. ఇప్పటికీ తెలుగు పేజీ ధర ఇంగ్లీషు పేజీ కంటే తక్కువే ఉంటుందని సైట్లు నడిపేవాళ్లందరూ అంటారు. ఎందుకన్న దగ్గర మాత్రం రెండు వాదాలున్నాయి. ప్రకటనల ఏజెన్సీల్లో పనిచేసేవాళ్ల మాట: ఖర్చు పెట్టగలిగిన తెలుగువాడు ఇంగ్లీషు పేజీల్లోనూ వీడియోల్లోనూ దొరికిపోతున్నాడు, తెలుగులో విడిగా ప్రకటన తయారుచేయించడం దేనికి? తెలుగు సైట్లవాళ్ల మాట: మీరు తెలుగులో ప్రకటన చేయించరు, చేయించకుండానే ఇక్కడ కొనేవాళ్లు లేరంటారు. రెండింటిలోనూ నిజముంది. కూకట్‌పల్లిలో ఫ్లాటు కొనే తాహతున్నవాళ్లు తెలుగులోనే చదువుతున్నారని నాకు తెలుసు, వాళ్ల ఈమెయిళ్లు నాకు వస్తుంటాయి.

ఇక కాలం. దసరా దీపావళి దాకా అమ్మకాల పోటీ, పాట పైకి లేస్తుంది. కొత్త సంవత్సరం రాగానే బడ్జెట్లు అయిపోయి చప్పబడుతుంది. తమాషా ఏంటంటే, అరకు పేజీకి జనం ఎగబడేది డిసెంబరు, జనవరి మంచులో. అంటే జనవరిలో వల నిండా చేప, గట్టు మీద కొనేవాళ్లు పలచన. చందనోత్సవం వారంలో సింహాచలం పేజీ పరిస్థితీ ఇంతే. ఆ నాలుగు రోజులూ సర్వర్ తట్టుకుంటే గొప్ప, డబ్బు మాత్రం ఆ జోరులో ఉండదు.

కొనేవాళ్లు ఉన్నట్టుండి మాయమవడమూ ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. క్రికెట్ పేజీల మీద జోరుగా పాట పాడిన వాళ్లు అంతటితో తప్పుకున్నారు. ఆ చట్టం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పబ్లిషర్ చేతిలో లేని కారణంతో అతని ధర మారిపోవడానికి ఇంతకంటే తేటగా ఉదాహరణ దొరకదు.

నెలకు 40 వేల వ్యూలు: ఏడాది లెక్క

పై లెక్కలోని ఆర్‌పీఎంను చిల్లర వదిలేసి రూ. 40 అనుకుని ముందుకు పోదాం. నెలకు 40 వేల పేజీ వ్యూలంటే ఒంటరిగా నడిపే తెలుగు సైట్‌కు చిన్నదేం కాదు. 40 వెయ్యిలు, ఒక్కో వెయ్యికి నలభై, నెలకు రూ. 1,600. ఏడాదికి రూ. 19,200.

ఈ డబ్బు నెలనెలా రాదు. ఖాతాలో 10 డాలర్లు చేరాక ఇంటికి ఒక పిన్ నంబరు మామూలు పోస్టులో వస్తుంది. మన విశాఖ డోర్ నంబర్లు తెలుసుగా, గీతలు, బార్లు, ఫ్లాట్ నంబరు అన్నీ పడితేగానీ పోస్ట్‌మ్యాన్‌కు ఇల్లు దొరకదు. ఆ తర్వాత 100 డాలర్లు నిండితేనే చెల్లింపు. డాలరు 90 రూపాయలు అనుకుంటే రూ. 9,000. నెలకు 1,600 చొప్పున ఆరో నెలలో నిండుతుంది. డబ్బు ఏడో నెల 21 నుంచి 26 తేదీల మధ్య బయల్దేరుతుంది.

డొమైను (సైట్ పేరు), హోస్టింగు (సైట్ ఉంచే సర్వర్ అద్దె) కలిపి ఏడాదికి రూ. 4,500 అయ్యాయనుకుంటే మిగిలేది 14,700. వారానికి రెండు వ్యాసాలు, ఒక్కోదానికి నాలుగు గంటలు. ఏడాదికి 416 గంటలు. గంటకు 35 రూపాయలు. బీచ్ రోడ్డు మీద ముంత మసాలా తిని లేచేసరికి గంట సంపాదన హరీ.

దీనికి రెండో పక్కా ఉంది. వ్యాసం ఒకసారి రాసేస్తే అది పడుకున్నప్పుడూ చదవబడుతూనే ఉంటుంది. మూడో ఏడాది మీరు ఏమీ రాయకపోయినా పాతవాటి మీద కొంత వస్తూనే ఉంటుంది, కాబట్టి గంట కూలితో పోల్చడం అన్యాయమని వాదించేవాళ్లున్నారు. బస్సు టైములు, టికెట్ ధరల్లాంటి పేజీలకు ఈ వాదం నిలబడదు, వాటిని ఎప్పటికప్పుడు దిద్దుకోవాలి. గుడి చరిత్రకు నిలబడుతుంది.

ద్వారకానగర్ బ్యానర్

దళారిని పక్కనపెట్టి నేరుగా అమ్ముకోవచ్చు కదా? అమ్ముకోవచ్చు. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నెలకు రూ. 3,000 ఇచ్చి మీ సైట్ పైన బ్యానర్ పెట్టుకుంటానందనుకోండి. అవే 40 వేల వ్యూల మీద వెయ్యికి రూ. 75 పడినట్టు. దాదాపు రెట్టింపు. వాళ్లకూ లాభమే, విశాఖ పిల్లల తల్లిదండ్రుల కళ్లలో పడుతున్నారు.

నాకూ అలాగే ఒకటి దొరికింది. రెండు నెలలు ఠంచనుగా ఇచ్చారు. మూడో నెల "సార్ మీటింగ్‌లో ఉన్నారు", నాలుగో నెల "రేపు రండి". రిసెప్షన్‌లో కూర్చుని అక్కడి ఫ్యాన్ కింద పోటీ పరీక్షల పత్రికలు అన్నీ చదివేశాను, ఆ బాకీ మాత్రం రాలేదు. దళారి తీసుకునే వాటాలో ఒక భాగం ఈ వసూళ్ల తలనొప్పికి ఇచ్చే కూలి అని అప్పుడు ఒప్పుకున్నాను.

డబ్బు తీసుకుని వ్యాసమే రాసిపెట్టే పద్ధతి ఇంకోటి. అక్కడ అది ప్రకటన అని పాఠకుడికి తెలిసేలా రాయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన నిబంధనలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు అడిగేది ఇదే.

గట్టు ఎవరిది?

హార్బర్‌లో ఒకే మనిషి బోటు యజమానికి ఏజెంటు, కొనేవాడికీ ఏజెంటు, పాట జరిగే గట్టు కూడా ఆయనదే అయితే? ఆన్‌లైన్ ప్రకటనల్లో గూగుల్ మీద ఉన్న ప్రధాన ఆరోపణ ఇది. 2008లో డబుల్‌క్లిక్ అనే ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీని కొనుక్కున్నప్పటి నుంచీ అమ్మేవైపు సాఫ్ట్‌వేర్, కొనేవైపు సాఫ్ట్‌వేర్, మధ్యలో పాట జరిగే ఎక్స్ఛేంజి మూడూ ఒకే గొడుగు కిందికి చేరాయి. అమెరికాలో వర్జీనియా ఫెడరల్ కోర్టు 2025 ఏప్రిల్‌లో, అందులో రెండు మార్కెట్లలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పిచ్చింది. సెప్టెంబరులో యూరోపియన్ కమిషన్ 295 కోట్ల యూరోల జరిమానా వేసింది.

గూగుల్ ఈ నిర్ణయాలను ఒప్పుకోవడం లేదు. పబ్లిషర్లకు వేరే వేదికలు బోలెడున్నాయని, వాడటం తేలికని, పని బాగుందని తమ దగ్గరికే వస్తున్నారని దాని మాట. చిన్న సైట్ వైపు నుంచి చూస్తే ఈ మాట కొట్టిపారేయలేం. నా సైట్‌కు నెదర్లాండ్స్ కంపెనీ ప్రకటన వచ్చిందంటే ఆ గట్టు ఉండబట్టే. అయితే పెద్ద గట్టు వాడుకోవడం వేరు, వేరే గట్టు కట్టనివ్వకపోవడం వేరు. కోర్టు తప్పుపట్టింది రెండోదాన్ని.

జవాబు పైనే చెప్పేస్తే

2024 ఆగస్టు నుంచి భారత్‌లోనూ గూగుల్ వెతుకులాట పైభాగంలో ఏఐ రాసిన జవాబు కనిపిస్తోంది. "అరకు రైలు ఎన్నింటికి" అని అడిగినవాడికి జవాబు అక్కడే దొరికితే నా పేజీ దాకా రాడు. పాఠకుడు రాకపోతే కుప్ప లేదు, పాట లేదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 జులైలో ఇచ్చిన లెక్క ప్రకారం, ఏఐ సారాంశం కనిపించిన వెతుకులాటల్లో 8 శాతంలోనే జనం కింది లింకు నొక్కారు. సారాంశం లేనప్పుడు అది 15 శాతం. మొత్తం మీద వెళ్లే క్లిక్కులు పెద్దగా తగ్గలేదని, వచ్చేవాళ్లు పేజీలో ఎక్కువసేపు ఉంటున్నారని గూగుల్ అంటోంది. నా సైట్ మట్టుకు చెప్పాలంటే, టైముల పేజీ పడిపోయింది, "రైల్లో అమ్మమ్మను తీసుకెళ్తే ఏ పెట్టెలో ఎక్కించాలి" అన్న పేజీ పడిపోలేదు.

పన్ను గురించి రెండు ముక్కలు

ఈ డబ్బు విదేశం నుంచి వస్తే బ్యాంకు ఎందుకు వచ్చిందో అడుగుతుంది, ప్రకటనల ఆదాయమని చెప్పాలి. ఐటీ రిటర్నులో చూపించాలి. సేవలు అమ్మేవాళ్లకు సాధారణంగా ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పై లెక్కలో మనం 19 వేల దగ్గరున్నాం, కాబట్టి కంగారు వద్దు. "గూగుల్ టాక్స్" అని పేపర్లలో వచ్చిన 6 శాతం లెవీ బ్లాగర్ల మీద వేసింది కాదు. విదేశీ కంపెనీకి ప్రకటనల కోసం డబ్బు కట్టే భారతీయ అడ్వర్టైజర్లు పట్టి కట్టాల్సినది. 2016లో వచ్చింది, 2025 ఏప్రిల్ 1 నుంచి లేదు.

పిన్ని కొడుకు ప్రశ్న

గూగుల్ డేటా సెంటర్ మన పక్కనున్న తర్లువాడలో ఉన్నా తైవాన్‌లో ఉన్నా, మావాడి బస్సు రూట్ల పేజీకి పాట మారదు. యంత్రాలు ఎక్కడ నడుస్తున్నాయన్నది పాటలో లేని సంగతి. ఇదే చెప్పాను. ఒక్కటి మాత్రం కలిపాను: డేటా సెంటర్ పేరు చెప్పి ఆనందపురం వైపు, విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురం వైపు ప్లాట్లు అమ్మేవాళ్లు పెరిగితే, విశాఖ పాఠకుడి కోసం పాట పాడేవాళ్లూ పెరుగుతారు. యంత్రం వల్ల కాదు, యంత్రం చుట్టూ లేచిన భూమి ధర వల్ల.

వాడు ఊఁ కొట్టి పెట్టేశాడు. పది రోజుల తర్వాత వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపాడు. మొదటిది ఆ రోజు సంపాదన, 0.04 డాలర్లు. రెండోది వాడి సైట్‌లో సింహాచలం రూటు పేజీ. టైముల పట్టిక కింద పచ్చగడ్డి, తెల్లటి కమాను, "డేటా సెంటర్‌కు పది నిమిషాలు" అంటూ ఒక వెంచరు ప్రకటన.